691 మీటర్ల కొండకి ఒక రోజంతా

రోమ్‌లో నాకు దొరికింది వారం రోజులు. అందులో ఒక రోజు మొత్తం సొరాత్తే కొండకి ఇస్తానంటే మా అక్క కూతురికి నచ్చలేదు. అక్కడే చదువుకుంటోంది కాబట్టి ఇటలీ అంతా తన పెరడే అన్నట్టు మాట్లాడుతుంది. "ఇంత దూరం వచ్చి ఎవరైనా ఆల్ప్స్ చూస్తారు మావయ్యా. అంత దూరం వద్దంటే ఇక్కడే గ్రాన్ సాస్సో ఉంది, 2,912 మీటర్లు. నువ్వు చెప్పేది గుట్ట" అంది.

లెక్క ప్రకారం తనదే రైటు. సొరాత్తే ఎత్తు 691 మీటర్లు. దాని భుజం మీద కూర్చున్న సాంతొరేస్తే అనే ఊరే 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఊళ్లోంచి శిఖరానికి మిగిలేది మూడు వందల మీటర్ల లోపే. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి మొక్కు తీర్చుకున్నవాళ్లకి అది అసలు ఎక్కడం కిందే లెక్క రాదు. అయినా పొద్దున్నే వెళ్లి చీకటి పడే వేళకి తిరిగొచ్చాం, వచ్చాక చూస్తే సగం మిగిలిపోయింది. ఆ సగం ఎలా మిగిలిందో చెప్తే ఈ అధ్యాయం పని అయిపోతుంది.

తీరిక దొరికితే కొండలకి పోవాలని మనలో చాలామందికి ఉంటుంది. పోయినవాళ్లం చేసేది ఏమిటి? ఎక్కుతాం, ఆయాసపడతాం, పైన ఫోటో తీసుకుంటాం, దిగుతాం. మర్నాడు ఆఫీసులో "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అంటాం. ఇంకో ముక్క అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. తప్పు కొండది కాదు, మనం దాన్ని ఏమీ అడగలేదు. అందుకని నేను చూడాల్సినవాటి జాబితాలు రాయడం మానేసి చాలా కాలమైంది. ఎక్కడికి పోయినా ఒక ప్రశ్న పట్టుకుని పోతాను, ఒక్కటంటే ఒక్కటే. అది పెద్ద తెలివైన ప్రశ్న అయి ఉండనక్కర్లేదు. సొరాత్తేకి నేను పట్టుకెళ్లింది చిన్నపిల్లలు అడిగే రకం: ఇక్కడికి జనం ఎందుకొచ్చారు?

చిన్న కొండ అయితే ఈ పని తేలిక. పెద్ద కొండ మీద ఊపిరి, వాతావరణం, మోకాళ్లు, వీటి గురించే ఆలోచన. చిన్న కొండ మీద తల ఖాళీగా ఉంటుంది. మొదటిసారి ఇలా నడిచి చూడదలుచుకున్నవాళ్లు వెయ్యి మీటర్ల లోపు కొండని, చరిత్ర కాస్త దట్టంగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

ఎక్కే ముందు దూరం నుంచి చూడాలి. దీన్ని ఎవరూ పాటించరు, నేను మాత్రం దీన్నే మొదటి మెట్టు అంటాను. సొరాత్తే రోమ్‌కి ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, తైబర్ నది లోయలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టుపక్కల దాని జతకి ఇంకో కొండ లేదు. రోమ్‌లోని ఎత్తయిన చోట్ల నుంచి, ఆకాశం తేటగా ఉన్న రోజున, ఉత్తర దిక్కున కనిపిస్తుంది. రెండు వేల ఏళ్ల కింద హోరేస్ అనే రోమన్ కవి మంచు కప్పిన ఈ కొండని చూపిస్తూ ఒక పద్యం మొదలుపెట్టాడు. తర్వాత ఇంగ్లీషు కవి బైరన్ దీన్ని అలతో పోల్చాడు. నాకైతే ఎండలో పడుకున్న పాత గేదె వీపులా కనిపించింది. కొండ మొత్తం ఐదారు కిలోమీటర్ల పొడవు, దాని మీద వరసగా ఆరు శిఖరాలు.

దూరం నుంచి చూస్తే నా ప్రశ్న తనంతట తనే కదిలింది. ఇంత ఒంటరిగా, ఇంత దూరానికి కనిపించే చోటికి మనుషులు వచ్చారంటే, కనపడాలనే వచ్చి ఉండాలి కదా? అలా అనుకుని బయల్దేరాను. సాయంత్రానికి ఆ మాట పూర్తిగా తిరగబడింది.

ఆ ముందు రోజు మా అక్క కూతురు, అంటే మా అమ్మాయే, నన్ను రోమ్‌లోనే శాంతి క్వాత్రో కొరోనాతి అనే పాత చర్చికి తీసుకెళ్లింది. అందులో పోప్ సిల్వెస్టర్ పేరు మీద చిన్న ప్రార్థనా మందిరం ఉంది. గోడల మీద 13వ శతాబ్దపు బొమ్మలు, మన గుళ్లలో స్థలపురాణం గీసినట్టు వరసగా. కాన్‌స్టంటైన్ చక్రవర్తికి కుష్టు వచ్చింది. కలలో పీటర్, పాల్ కనిపించి ఫలానా సిల్వెస్టర్‌ని పిలిపించుకో అన్నారు. క్రైస్తవుల్ని వేధిస్తున్న రోజులవి కాబట్టి ఆ సిల్వెస్టర్ సొరాత్తే కొండ మీద దాక్కుని ఉన్నాడు. దూతలు గుర్రాల మీద కొండ ఎక్కుతున్నారు, పైన ఆయన కనిపిస్తాడు. ఇది కథే, చరిత్ర కాదు. కాన్‌స్టంటైన్ 337లో చనిపోయే ముందు, రోమ్‌కి ఎక్కడో దూరాన బాప్తిస్మం తీసుకున్నాడని చరిత్రకారులు చెప్తారు. కానీ ఆ బొమ్మ ముందు నిలబడినప్పుడు నా చెవిన పడ్డది ఒకటే మాట: దాక్కున్నాడు. ఎక్కబోయే కొండ బొమ్మ ఒకటి ముందే చూసి ఉంటే ఎంత పనికొస్తుందో మర్నాడు తెలిసింది.

మర్నాటి పొరపాటు నాదే. రోమ్ నుంచి ఉత్తరానికి పోయే లోకల్ రైలు లైనులో ఊరి పేరున్న స్టేషను ఒకటి ఉంది. పేరు చూసి అక్కడ దిగిపోయాం. స్టేషను కింద, ఊరు పైన, మధ్యలో కిలోమీటర్ల కొద్దీ వంకర్లు తిరిగే రోడ్డు. మన దగ్గరా ఫలానా 'రోడ్' అని పేరున్న స్టేషన్లలో దిగి ఊరు వెతుక్కున్నవాళ్లకి ఈ బాధ తెలుసు. చెమటలు కక్కుతూ ఊళ్లోకి చేరేసరికి గంటన్నర పోయింది, మా అమ్మాయి ముఖం మాడిపోయింది. మీరు వెళ్తే రైలుతో పాటు పై ఊరిదాకా పోయే బస్సు వేళలు కూడా చూసుకోండి. ఆదివారాలు, సెలవురోజుల్లో బస్సులు తగ్గిపోతాయి.

ఊరి చివరనుంచే కాలిబాటలు మొదలవుతాయి. కొండ 1997 నుంచి రక్షిత ప్రాంతం, 444 హెక్టార్లు. చెట్లు, రాళ్ల మీద ఎరుపు, తెలుపు పట్టీలు పెయింటుతో గీసి ఉంటాయి. ఇటలీ అంతటా కొండబాటలకి అవే గుర్తులు. ఇక్కడొక చిన్న అలవాటు చెప్తాను. పట్టీ కనిపించగానే ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. దిగేటప్పుడు ఈ చోటు ఎలా ఉంటుందో కళ్లకి అలవాటవుతుంది. దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది దిగేటప్పుడే. ఎక్కిన దారిన కాకుండా ఇంకో దారిన దిగండని కూడా అంటాను, అయితే ఏ దారో ఊళ్లోనే మ్యాపులో చూసి తేల్చుకోవాలి, పైకి పోయాక కాదు.

నాకు నచ్చిందేమిటో చెప్పమంటే, రాయి. ఇది సున్నపురాయి, సుమారు ఇరవై కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పేరుకున్నది. ఆ తర్వాత ఎన్నో కోట్ల ఏళ్లకి, చుట్టూ ఉన్న మైదానమంతా మళ్లీ సముద్రంలో ఉన్నప్పుడు, ఈ కొండ ఒక్కటే ద్వీపంలా బయటికి ఉండేదట. ఇంకా తర్వాత పక్కనున్న అగ్నిపర్వతాలు కక్కిన బూడిద మైదానం మీద పరుచుకుంది. అందుకే కింద నేల గోధుమరంగు, మెత్తన. కొండ తెలుపు, గట్టి. వాన కోసీ కోసీ ఈ రాయి పైభాగం కాకరకాయ తొక్కలా తేలింది, చెయ్యి ఆనిస్తే గీసుకుంటుంది. బాట నడిచే చోట మాత్రం అదే రాయి పాత గుడి గడపలా నున్నగా మెరుస్తుంది. ఎన్ని వందల ఏళ్ల పాదాలో! తడిస్తే మాత్రం అదే నున్నదనం కాలు జారుస్తుంది. వాన పడ్డ మర్నాడు వెళ్లకండి. మామూలు బూట్లు చాలవు, అడుగున గళ్లున్నవి వేసుకోండి. కర్ర ఉంటే నా వయసువాళ్లకి మంచిది.

పాదాల మాట వచ్చింది కాబట్టి హిర్పీల సంగతి ఇక్కడే. క్రైస్తవానికి ముందు ఈ కొండ సొరానుస్ అనే దేవుడిది. రోమన్లు ఆయన్ని అపోలోగా పూజించారు. చుట్టుపక్కల కొన్ని కుటుంబాలవాళ్లు ఏటా జాతరలో కాలుతున్న కట్టెల మీద వట్టి కాళ్లతో నడిచేవారు. వాళ్లని హిర్పీలనేవారు, అక్కడి పాత భాషలో హిర్పస్ అంటే తోడేలు. ఇది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా ఊళ్లో పీర్ల పండక్కి గుండం తొక్కడం చూస్తూ పెరిగాను. రోమన్ పండితుడు ప్లినీ రాసినదాన్ని బట్టి, ఇలా నడిచినందుకు ఆ కుటుంబాలకి సెనేట్ సైనిక సేవ నుంచీ మిగతా బాధ్యతల నుంచీ శాశ్వతంగా మినహాయింపు ఇచ్చింది. ఆయనకన్నా ముందు కాలపు పండితుడు వర్రో మాత్రం, వాళ్లు అరికాళ్లకి ఏదో మందు రాసుకునేవారని తేల్చేశాడు. రెండు వేల ఏళ్ల కిందే భక్తుడి పక్కన హేతువాది కూడా హాజరు.

మా అమ్మాయికి అక్కడ ప్రాణం వచ్చింది. "అంటే వాళ్లు మిలిటరీ తప్పించుకోడానికి నిప్పులు తొక్కారన్నమాట" అంది. నేనలా అనుకోలేదు. ప్రశ్న ఒకటే అయినా పక్కవాళ్ల జవాబు వేరే ఉంటుంది. ఒంటరిగా నడవడం గొప్ప అని రాసే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం జవాబు తిరిగి చెప్పే మనిషి పక్కనుంటేనే నడక సాగుతుంది.

బాట పక్కన మెరి అని పిలిచే నిలువు గుంటలున్నాయి, మూడు. నీళ్లు సున్నపురాయిని కరిగించి చేసినవి, సుమారు వంద మీటర్ల లోతుకి దిగుతాయి. సొరాత్తే మీద నేలలోంచి వచ్చే ఆవిరి పిట్టల్ని చంపుతుందని ప్లినీ రాశాడు. కంచె దాటి తొంగిచూసే సరదా ఎవరికైనా ఉంటే ఇక్కడ వద్దు. పిల్లలతో వెళ్తే చెయ్యి పట్టుకునే నడవండి.

కొండకి అడుగడుగునా మునులున్న గుహలు, గుడిలాంటి చిన్న మఠాలు. కొన్ని గోడలే మిగిలాయి. శిఖరం మీద ఆ సిల్వెస్టర్ పేరుతోనే సాన్ సిల్వెస్ట్రో చర్చి, పాత అపోలో గుడి ఉన్న చోటనే. మేం వెళ్లిన రోజు తలుపు మూసి ఉంది. దాని నీడలో కూర్చుని రేకు పొట్లం విప్పి పులిహోర తిన్నాం. ఒక బల్లి వచ్చి, పల్లీ దగ్గర ఆగి, దాన్ని వద్దనుకుని వెళ్లిపోయింది. కింద తైబర్ మెలికలు, మోటారు రోడ్డు, అవతల అపెన్నైన్ కొండలు.

నాకిష్టమైన మనిషి ఈ కొండ మీదే దొరికాడు. పేరు నొన్నోసస్, 6వ శతాబ్దపు సన్యాసి. ఈయన గురించి మనకి తెలిసిందంతా పోప్ గ్రెగరీ ఆ శతాబ్దం చివర్లో రాసిన పుస్తకం వల్లే. మఠానికి పెద్దగా ఉన్నాయన మహా కటువు మనిషి. ఆయన కింద పని చేస్తూ నొన్నోసస్ నోరెత్తకుండా నెట్టుకొచ్చేవాడు, తన వినయంతో చాలాసార్లు ఆయన కోపాన్ని చల్లార్చేవాడు కూడా. ఒకరోజు గాజు దీపాలు కడుగుతుంటే ఒకటి చేతిలోంచి జారి పగిలింది. ఈయనకి దేవుడి భయం కన్నా ముందు పెద్దాయన భయం. ముక్కలన్నీ ఏరి బలిపీఠం ముందు పెట్టి ప్రార్థిస్తే దీపం మళ్లీ ఒక్కటైందని కథ. ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా ఆ నిమిషం గుండె ఎలా కొట్టుకుందో తెలుసు.

రెండో కథ ఇంకా నచ్చింది. రాళ్ల కొండ కదా, సన్యాసులకి నాలుగు కూరగాయలు వేసుకుందామంటే చారెడు మట్టి లేదు. కాస్త చోటున్న దగ్గర పెద్ద బండ అడ్డం. యాభై జతల ఎద్దులు లాగినా కదలదని అందరూ వదిలేశారు. నొన్నోసస్ రాత్రంతా అక్కడే ప్రార్థన చేశాడు, తెల్లారి చూస్తే బండ పక్కకి జరిగి ఉంది. అద్భుతం సంగతి మీ నమ్మకానికి వదిలేస్తున్నాను. నన్ను కదిలించింది ఆయన అడిగినది. కొండలు కదిలించే శక్తి ఉన్నవాడు, దాన్ని వాడింది ఒక కూరమడి కోసం.

శిఖరం కింద తిరుగుతూ ఆ మడి ఎక్కడుండేదా అని వెతికాను. మా అమ్మాయి నవ్వింది గానీ తనూ వెతికింది. రాళ్ల మధ్య కాస్త మట్టి పేరుకున్న చోటు చూసి "ఇదే అయ్యుంటుంది, కొత్తిమీర వేసుకోవచ్చు" అని తీర్పు చెప్పింది. ఏ ఆధారమూ లేదు. అయినా ఆ కొండ మీద మేం నిజంగా కళ్లు పెట్టి చూసిన అరగంట అదే.

ఇక కార్లోమన్. ఫ్రాంకుల రాజ్యంలో సగం ఏలినవాడు, షార్లమేన్ చక్రవర్తికి పెదనాన్న. 747లో అధికారం వదిలేసి సన్యాసం తీసుకుని సొరాత్తే మీద మఠం కట్టించుకున్నాడు. ప్రశాంతత కావాలని వచ్చాడు, పాపం. అయితే కొండ పక్క నుంచే వియా ఫ్లమీనియా పోతుంది, క్రీ.పూ. 220 నాటి రోడ్డు. యాత్రకి రోమ్ వచ్చే ఫ్రాంకు దొరలందరూ "మన పాత ప్రభువు ఇక్కడే ఉన్నాడట, చూసి పోదాం" అని పైకెక్కడం మొదలుపెట్టారు. చుట్టాల తాకిడి తట్టుకోలేక చివరికి ఆయన దక్షిణాన మోంతె కస్సీనో మఠానికి మకాం మార్చాడు. ఈ సంగతి రాసింది షార్లమేన్ జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్. ఊరికి పది కిలోమీటర్ల దూరాన ఫాంహౌస్ కొనుక్కుని, ఆదివారమైతే ముప్ఫైమందికి వంటలు చేయిస్తూ కూర్చున్న మిత్రుడొకడున్నాడు నాకు. వాడికి ఈ కథ పంపించాను. ఇంకా జవాబు రాలేదు.

కొండ లోపల ఇంకో కొండ ఉంది. 1937 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం దీని పొట్టలో సొరంగాలు తవ్వించింది. పైకి ఆయుధాల ఫ్యాక్టరీ అన్నారు, అసలు ఉద్దేశం బాంబుదాడుల వేళ సైన్యాధికారులు తలదాచుకోవడం. సొరంగాల పొడవు 4 కిలోమీటర్లకు పైనే. 1943 సెప్టెంబరులో ఫ్రస్కాతిలోని తన స్థావరం మీద బాంబులు పడ్డాక జర్మన్ సేనాధిపతి కెసెల్రింగ్ ఇక్కడికి మారాడు. 1944 మే 12న అమెరికన్ బీ-17 విమానాలు కొండ మీద బాంబులు కురిపించాయి. జూన్‌లో జర్మన్లు ఖాళీ చేశారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో, 1967 నుంచి 1972 దాకా, అందులో కొంత భాగాన్ని అణుదాడి వస్తే ఇటలీ ప్రభుత్వం దాక్కోవడానికి మార్చి కట్టారు.

దిగుతూ దిగుతూ మా అమ్మాయే తేల్చింది. "మావయ్యా, పోప్ దాక్కున్నాడు, రాజు దాక్కున్నాడు, జర్మన్ దాక్కున్నాడు, గవర్నమెంటు దాక్కుందామనుకుంది. ఈ కొండ చూస్తే రోమ్ అంతటికీ కనిపిస్తోంది. ఇంతకన్నా పిచ్చి దాగుడుమూతలు ఉంటాయా?" నా ప్రశ్నకి జవాబు తను చెప్పింది. నేను కనపడాలని వచ్చారనుకున్నాను, వచ్చినవాళ్లంతా కనపడకూడదని వచ్చారు. దాక్కోకుండా బతికింది నాకు తెలిసి నొన్నోసస్ ఒక్కడే. ఆయనకి కూరమడి పని ఉంది.

ఆ సొరంగాల బంకర్ మేం చూడలేదు. గేటు దాకా వెళ్తే తాళం. అన్ని రోజులూ తెరవరు, ప్రకటించిన రోజుల్లో గైడుతోనే లోపలికి పంపుతారు. అది కనుక్కోవడం నా పని, నేను చెయ్యలేదు. ఆ రోజు మిగిలిపోయిన సగం అదే. ఈసారి ఎవరితో వెళ్తానో తెలియదు గానీ, మా అమ్మాయి తన స్నేహితులతో వెళ్తానంటోంది, గుట్ట అనడం మానేసింది.

మీరు వెళ్లేట్టయితే: వసంతం గానీ, అక్టోబరు గానీ. జులై, ఆగస్టుల్లో తెల్లరాయి పెనంలా కాలుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి, పైన దొరుకుతాయని నమ్ముకోవద్దు. శిఖరం మీద గాలి ఎక్కువ, పల్చటి జాకెట్ సంచిలో ఉండాలి. ఏదైనా జరిగితే నంబరు 112. బంకర్ తెరిచే రోజు, చర్చి తెరిచే వేళ ముందు కనుక్కుని, ఆ తర్వాతే రైలు టికెట్టు కొనండి. చలికాలంలో అక్కడ ఐదు కాకముందే చీకటి పడుతుంది, నాలుగింటికల్లా ఊళ్లోకి దిగిపోవాలి.

ప్రశ్న మాత్రం మీదే పట్టుకెళ్లండి, నాది ఖర్చయిపోయింది.